ఒంటిపక్క సైనస్: ఎముకను చదివే విద్య

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల ఊళ్ళలో ముక్కు దిబ్బడంటే ఎవరూ కంగారుపడరు. ఆవిరి పడతారు, ఆర్‌ఎంపీ డాక్టరిచ్చిన బిళ్ళలు మింగుతారు. తగ్గకపోతే గుడివాడో విజయవాడో వెళ్ళి స్కాన్ తీయించుకుంటారు. 'సైనసైటిస్' అని రిపోర్టొస్తే హమ్మయ్య అనుకుంటారు. అది ఒక పక్కే ఉందంటే మాత్రం అలా అనుకోకూడదు. జలుబు, అలర్జీ సాధారణంగా రెండు వైపులా పడతాయి. ఒక పక్కే నిండిందంటే కారణం అక్కడే ఉంటుంది: పైదవడ పన్ను చీము, ఫంగస్ ఉండ, పాలిప్, కొందరిలో కణితి. చాలామందిలో క్యాన్సర్ కాదు. కాదని తేల్చాలిగా మరి!

ఆ తేల్చడంలోనే ఉంది విద్యంతా. మంచి ఈఎన్‌టీ సర్జన్ సీటీ ఫిల్మ్ చూసే తీరు చూసి తీరాలి. తెల్లగా నిండిన చోటుకంటే చుట్టూ ఉన్న ఎముక మీదే ఆయన కన్ను. గోడంతా మందమైతే పాత వాపు. నిండినదాని నడుమ గట్టి తెల్లచుక్కలుంటే ఫంగస్ అనుమానం. ఒకచోటే ఎముక బొడిపెలా లేస్తే ఇన్వర్టెడ్ పాపిలోమా అనే కణితి వేరు అక్కడుండవచ్చు. ఇది క్యాన్సర్ కాదుగానీ, నూటికి 5 నుంచి 15 మందిలో క్యాన్సర్ దానితో కలిసి కనిపిస్తుంది. కంటి కింది గోడ కరిగిపోయిందా, ఇక ఆలస్యం పనికిరాదు. నిలిచిన చీమిడేదో, కణితేదో ఎమ్మారై విడదీసి చూపుతుంది. ఆపైన ఎండోస్కోపీ: ద్రాక్షపండులా నిగనిగలాడేది మామూలు పాలిప్, గరుకుగా ఉండి తాకితే నెత్తురొచ్చేదాన్ని నమ్మకూడదు.

ఈ విద్యకు బాట వేసిన మహానుభావులు ఎందరో! సీటీ లేని 1933లో స్వీడన్ డాక్టరు ఓన్‌గ్రెన్ కంటి లోపలి కొన నుంచి దవడ మూలదాకా ఒక గీత ఊహించాడు. దానికి పైన, వెనక ఉన్న కణితులు ప్రమాదమన్నాడు. ఇంగ్లండులో ఫర్నిచర్ తయారీకి పేరున్న హై వికమ్‌లో ఈఎన్‌టీ సర్జన్ ఎస్మే హాడ్‌ఫీల్డ్, కర్రపొడి పీల్చే పనివాళ్ళలో ముక్కు క్యాన్సర్‌ను పట్టుకుంది. అందుకే తెలిసిన డాక్టరు రోగిని 'ఏం పని చేస్తావ'ని కూడా అడుగుతాడు. ఆస్ట్రియాలో డాక్టరు మెసర్‌క్లింగర్ ఎండోస్కోపీతో దారి చూపాక చెంప కోయకుండా ముక్కులోంచే, వేరున్న ఎముకను అరగదీసి మరీ కణితి తీస్తున్నారు.

ఇంత విద్యను ఏం చేస్తున్నాం? లోపలికి తొంగిచూడకుండానే కోర్సు మీద కోర్సు యాంటీబయాటిక్‌లు. 'కండ పెరిగింది' అని పైపైన కత్తిరించి, ఆ ముక్కను పరీక్షకు పంపకుండా బుట్టలో వేయడం. ముక్కు నుంచి నెత్తురు కారే కుర్రాడికి స్కాన్ లేకుండా ముక్క తీయబోవడం. అది యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల కణితి అయితే నెత్తురాగదు. మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన డాక్టరు నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో క్యాన్సర్ వైద్యానికి వన్నె తెచ్చాడు. అలాంటి గడ్డ మీద క్యాన్సర్‌ను చెత్తబుట్టలో పారేయడమా!

రిపోర్టులో 'ఒకవైపు' అని ఉన్నా, ఒక ముక్కులోంచే నెత్తురు పడినా, చెంప తిమ్మిరెక్కినా, పన్ను కదిలినా, కన్ను ముందుకొచ్చినా ఎండోస్కోపీ చేయించుకోండి. తీసిన ముక్కంతా పెథాలజీకి పంపమని నిలదీసి అడగండి. ఆ రిపోర్టు చేతికొచ్చేదాకా 'ఉత్త సైనసే' అన్న మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.