ఓడమీది చూపు, ఒడ్డుమీది చూపు

మిత్రులు నలుగురు కూడి మోటారు పడవలో సముద్రంమీద విహరించటం, కొండల చాటున అందమైన అఖాతంలో లంగరు వెయ్యటం, పట్టిన చేపలు వండుకు తినటం, రాత్రి డెక్కుమీద కబుర్లు చెప్పుకోవటం సాహిత్య వస్తువులు కాగలవా? తీరికగలవాళ్ల వినోదంతో మనకేం పని అని అభ్యుదయ విమర్శకులు సాధారణంగా ఈ రకం రచనలను దాటిపోతారు. ఇలా దాటిపోవటం నాకు సమ్మతం కాదు. ఏ వస్తువూ తనంత తాను అభివృద్ధి నిరోధకం కాదు. రచయిత ఎక్కడ నిలబడి దాన్ని చూశాడన్నదే ప్రశ్న. ఒక పుస్తకాన్ని ఆధారం చేసుకుని ఆ ప్రశ్నను పరిశీలిస్తాను.

జాన్ స్టైన్‌బెక్ మన పాఠకులకు కొత్తవాడు కాదు. భూములు పోగొట్టుకుని కాలిఫోర్నియాకు వలసపోయిన ఓక్లహామా రైతుల బతుకును ఆయన 1939లో ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవలగా రాశాడు. అక్కడి పెద్ద భూస్వాములు ఆయనమీద కత్తి కట్టారు. కెర్న్ కౌంటీ తన గ్రంథాలయాల్లో ఆ నవలను నిషేధించింది. ఆ రభస మధ్యనుంచి బయటపడి, 1940 మార్చి 11న ఆయన మాంటెరే రేవులో వెస్టర్న్ ఫ్లయర్ అనే పడవ ఎక్కాడు. అది కులాసాకోసం కట్టిన యాట్ కాదు, సార్డీన్ చేపలు పట్టే పడవ. పొడవు 76 అడుగులు. ఇంజను 165 అశ్వశక్తిగల డీజిల్. వెంట వున్నది ప్రాణమిత్రుడు, సముద్రజీవుల శాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్స్. కెప్టెను టోనీ బెర్రీ, ఇంజనీరు టెక్స్ ట్రావిస్, నావికులు స్పార్కీ ఎనియా, టైనీ కొలెట్టో. వీళ్లు మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో రేవురేవునా ఆగుతూ, పాటు వేళ నీరు తీసినప్పుడు బయటపడే రాళ్లమధ్య పీతలను, నక్షత్రచేపలను, పురుగులను ఏరుకుంటూ తిరిగి, ఏప్రిల్ 20న మాంటెరే చేరారు. 1941లో ఇద్దరి పేర్లతో ‘సీ ఆఫ్ కోర్తెజ్’ అచ్చయింది. అందులోని యాత్రాకథనం 1951లో ‘ది లాగ్ ఫ్రం ది సీ ఆఫ్ కోర్తెజ్’ అనే పేరుతో విడిగా వచ్చింది.

ఈ పుస్తకంలో మొదట ఆకట్టుకునేది శ్రమపట్ల గౌరవం. విహారనౌకలను గురించిన రచనల్లో సాధారణంగా సముద్రం వుంటుంది, సూర్యాస్తమయం వుంటుంది. ఇంజనుకు నూనె వేసేవాడు మాత్రం వుండడు. ఇక్కడ ఇంజను గది శుభ్రతను, పనిముట్ల పొందికను రచయితలు ఆనందంగా వర్ణిస్తారు. అంట్లు తోమటం అందరికీ వంతు. టెక్స్ తన వంతు ఎగవేస్తే మిగిలినవాళ్లు ఆ ఎంగిలి పళ్లాలు తీసుకుపోయి అతని పక్కమీద పేరుస్తారు. చిన్న దోనెకు తగిలించే మోటారు అవసరమైనప్పుడల్లా మొరాయిస్తుంది. మనుషులు తెడ్లు వేస్తుంటే తాను దోనె వెనక కూచుని సవారీ చెయ్యటమే దానికిష్టమని వాళ్లు హాస్యమాడతారు. ఒళ్లు వంచి తెడ్డు వేసినవాడికి తప్ప ఈ హాస్యం చేతకాదు. పని పంచుకున్నకొద్దీ స్నేహం ఎలా గట్టిపడుతుందో ఈ పుటల్లో కనిపిస్తుంది.

అయితే ఈ పంపకంలోకి రానివాళ్లు కూడా వున్నారు. స్టైన్‌బెక్ భార్య కెరోల్ ఆ యాత్రలో పడవమీదే వుంది. కథనంలో మాత్రం ఆమె ఒక పాత్రగా ఎక్కడా కనపడదు. ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ అన్న పేరు సూచించింది ఆమె. ఆ నవల అంకితంలో మొదటి పేరు ఆమెది. ఈ పుస్తకంలోంచి మాత్రం ఆమె మాయమైంది. ఇంగ్లీషులో ‘మేము’కూ ‘మనము’కూ ఒకటే మాట గనక ఈ సంగతి అక్కడ సులభంగా దాగిపోతుంది. తెలుగు చేసేవాడు మాత్రం వాక్యవాక్యానికీ తేల్చుకోక తప్పదు. ఇద్దరు రచయితలూ ఏకమై మాట్లాడే ఆ ‘మేము’లో నావికులు అప్పుడప్పుడూ చేరతారు, కెరోల్ చేరదు.

రికెట్స్ విషయం ఇంకొక రకం. ఈ కథనానికి చాలావరకు ఆధారం ఆయన రాసుకున్న దినచర్య. ఇందులోని తాత్విక వ్యాసానికి మూలం కూడా ఆయనదే. 1948లో ఆయన కారును రైలు ఢీకొట్టగా మరణించాడు. 1951 ముద్రణకు రచయితగా ముందుకొచ్చిన పేరు స్టైన్‌బెక్‌ది. రికెట్స్ అందులో ఒక స్మృతిచిత్రానికి విషయమైపోయాడు. ఆ స్మృతిచిత్రం ఎంతో ఆత్మీయంగా వుంటుంది, కాదనను. కాని సహరచయితను ప్రేమగా వర్ణించటం వేరు, అతని వాటా అతనికి దక్కనివ్వటం వేరు. సమష్టి శ్రమ అంగడికి వచ్చేసరికి అంగడిలో చెల్లే పేరే మిగిలింది.

ఇక ఆ తాత్విక వ్యాసం దగ్గరికి వద్దాం. మార్చి 24, ఈస్టర్ ఆదివారం నాటి అధ్యాయంలో అది వస్తుంది. దాని సారం ఇది: మనిషి ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడిగి, తనకు నచ్చిన కారణాన్నో ప్రయోజనాన్నో అంటగట్టి తృప్తిపడతాడు, అలాకాక, ఉన్నదాన్ని ఉన్నట్టుగా చూడాలి, ‘ఏమిటి’, ‘ఎలా’ అని మాత్రమే అడగాలి. నిరుద్యోగాన్ని ఉదాహరణగా ఇస్తారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో పని దొరకనివాడిని సోమరి అని నిందించేవారు. ఉన్న పనులే నూటికి డెబ్బైమందికి సరిపోయేటప్పుడు మిగిలినవాళ్లు ఎంత కష్టజీవులైనా బయట వుండక తప్పదు గదా అంటారు రచయితలు.

ఈ వాదాన్ని భావవాదమని ఒక్కమాటతో కొట్టిపారెయ్యటం తొందరపాటు. పేదవాడి పేదరికానికి అతని గుణమే కారణమనే నీతిబోధను ఇది ఒక్క దెబ్బతో కూలుస్తున్నది. అంతవరకూ ఇది మనకు మిత్రవాదమే. కాని సరిగ్గా అడగవలసిన చోట ఇది ఆగిపోతుంది. డెబ్బైమందికే పని ఎందుకున్నది? ఆ లెక్క ఎవరు కట్టారు? ముప్ఫైమంది గేటు బయట నిలబడి వుండటంవల్ల లోపలివాళ్ల కూలి ఎవరికి అనుకూలంగా తగ్గుతున్నది? సముద్రపు పీతను గురించి ‘ఎందుకు’ అని అడక్కపోతే నష్టం లేదు. మనిషి చేసిన ఏర్పాటు గురించి ఆ ప్రశ్న మానుకుంటే, ఆ ఏర్పాటు కూడా పోటుపాట్లలాగా ప్రకృతిసహజమైపోతుంది.

ఈ చూపు ఎలాంటిదో ప్యూర్తో ఎస్కోందీదో ఘట్టంలో స్పష్టంగా తెలుస్తుంది. ‘దాగిన రేవు’ అని దాని అర్థం. వెనక హిగాంతా కొండలు, ముందు నిశ్చలమైన నీళ్లు. అక్కడ కలిసిన ఒక పశువుల ఆసామీ, ఒక బడిపంతులు, మరికొందరు వీళ్లను కొండగొర్రెల వేటకు పిలుస్తారు. అందరూ కొండల్లోకి పోయి జలపాతం దగ్గర విడిది చేస్తారు. ఇద్దరు ఆదివాసులు వేటకు పోతారు. మిగిలినవాళ్లు చల్లగా పడుకుని కథలు చెప్పుకుంటారు. వేటగాళ్లు గొర్రెకు బదులు కాసిని పెంటికలు తెస్తారు. చంపటమనేదే లేని ఈ వేటను మించిన వేట లేదని రచయితలు మురిసిపోతారు. ఘట్టం నిజంగా అందంగా వుంది. వేటకాళ్ల డంబంమీద మంచి చురక. కాని కొండ ఎక్కి దిగినవాళ్లెవరు? వాళ్లకు ఆ రోజు ఎలా గడిచింది? ఓడమీదనుంచి వచ్చిన అతిథికి ఈ ప్రశ్న తోచలేదు.

తోచిన సందర్భం కూడా వుంది. గుయామస్ దగ్గర జపాను రొయ్యల నౌకలు అడుగు గీరే వలలతో సముద్రాన్ని ఊడుస్తుంటాయి. రచయితలు ఒకదానిమీదికెక్కి చూస్తారు. రొయ్యలను వుంచుకుని, వాటితోపాటు పడిన రకరకాల చేపలన్నిటినీ చచ్చినవి చచ్చినట్టు నీళ్లలో పారేస్తున్నారు. ఇక్కడ ‘ఉన్నది ఉన్నట్టు’ సిద్ధాంతం నిలవదు. ఇది ప్రకృతికీ మెక్సికో ప్రజలకూ జరుగుతున్న ద్రోహమని రచయితలు సూటిగా అంటారు. నౌకమీది మనుషులు మంచివాళ్లేననీ, ఒక పెద్ద విధ్వంసక యంత్రంలో చిక్కుకున్నారనీ గుర్తిస్తారు. ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’లో రైతుల ఇళ్లను కూల్చే బ్యాంకును మనుషులు సృష్టించి అదుపు చెయ్యలేకపోయిన రాక్షసిగా చూపినవాడి కలమే ఇది. రెండుచోట్లా బలం ఒకటే, పరిమితీ ఒకటే. యంత్రం కనిపించింది, దాని యజమానికి మాత్రం ముఖం లేదు.

ఇదే యాత్రలో లాపాజ్ రేవులో విన్న ఒక కథ వుంది. ఒక కుర్రవాడికి పెద్ద ముత్యం దొరుకుతుంది. దానికోసం జనం అతన్ని వెంటాడి కొడతారు. విసిగిపోయి, దాన్ని తిరిగి సముద్రంలోకి విసిరి అతను హాయిగా నవ్వుకుంటాడు. ఓడమీద విన్న కథ గనక అది నీతికథగానే మిగిలింది. 1947లో ‘ది పెర్ల్’ నవలిక అయ్యేసరికి ఆ కుర్రవాడికి ఒక గుడిసె, హువానా అనే భార్య, తేలు కుట్టిన పసిబిడ్డ వచ్చాయి. డబ్బు లేదని బిడ్డను చూడని డాక్టరు వచ్చాడు. విడివిడిగా బేరమాడుతున్నట్టు నటిస్తూ ఒకే పెట్టుబడికి ఏజెంట్లయిన ముత్యాల వర్తకులు వచ్చారు. ఓడ దిగి గుడిసెలోకి వెళ్లిన రచయిత ‘ఎందుకు’ అని అడిగాడు, కళ వచ్చింది. కినో తిరుగుబాటు ఒంటరి తిరుగుబాటుగానే ముగియటం నిజమే. అయినా రెండు కథల మధ్య దూరాన్ని మించిన పాఠం యువరచయితలకు మరొకటి అక్కర్లేదు.

అలాగని రికెట్స్‌ను పక్కనబెట్టమనటం లేదు. మన రచనల్లో ఇంకొక జబ్బు వుంది: చూడకముందే జవాబు చెప్పటం. మత్స్యకారుల గురించి కథ రాస్తాం. వల పేరు తెలియదు, పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో తెలియదు. చలినీళ్లలో మోకాళ్లమీద కూచుని ఒక్కొక్క రాయీ తిప్పి చూసిన రికెట్స్ ఓపిక మనకు అవసరం. ఉన్నది ఉన్నట్టు చూడనివాడు ‘ఎందుకు’ అని అడిగినా జవాబు అతనికి అందదు.

ఇవాళ ప్యూర్తో ఎస్కోందీదోలో మెరీనా వుంది. ఖరీదైన మోటారు యాట్లు అక్కడ లంగరు వేస్తాయి. ఆ నీళ్లు ఇంకా చూడముచ్చటగా వున్నాయంటే అందులో ఒడ్డుమీదివాళ్ల పాత్ర వుంది. రొయ్యల నౌకలు తమ చేపలను ఊడ్చుకుపోవటం చూసిన లొరేతో ప్రజలు పట్టుబట్టారు. 1996లో ఆ అఖాతం జాతీయ పార్కు అయింది, ఆ వలలకు అక్కడ తావు లేకుండా పోయింది. మన తూర్పు తీరంలో కూడా ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో విశాఖ రేవులో కట్టేసిన మరపడవల పక్కన కూచున్న కళాసీని అడిగితే, ఆ వలలో ఏం పడుతుందో, ఏది పారేస్తారో, పడవ ఎవరిదో, తన వాటా ఎంతో చెబుతాడు. స్టైన్‌బెక్ పుస్తకం చదివిన విద్యార్థులు అక్కడికి కూడా వెళ్లాలని నా కోరిక. పుస్తకం నేర్పిన ఓపికతో చూడాలి, పుస్తకం అడగని ప్రశ్నలు అడగాలి.