మా నాలుకకు ఎన్ని మార్కులు?

ఉర్దూ ముసల్మానుల భాష అని లోకం అంటుంది. మేమూ అంటాం. అది ఎంతవరకు మాదో పరీక్ష రాసే మా పిల్లలకే తెలుసు. నందికొండ హిల్ కాలనీలో ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉర్దూను రెండో భాషగా తీసుకుంది. ఇంట్లో అమ్మీతో ఎట్లా మాట్లాడుతుందో వ్యాసం అట్లాగే రాసింది. 'లోగాఁ' అన్నచోట ఎర్ర సిరాతో 'లోగ్' అని దిద్దారు. 'కైకు' కొట్టేసి 'క్యోఁ' అని రాశారు. ఆ కాగితం మాకు చూపించి, "మా అమ్మీకి ఉర్దూ రాదా?" అని అడిగింది.

వచ్చు. అది దక్కనీ. 1580లో గోల్కొండ గద్దెనెక్కిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం రాసింది అందులోనే. 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. 'ఆతుఁ బోల్కే బోలా' అనే మాటలో 'బోల్కే' అచ్చంగా మన తెలుగు 'అని'. వస్తానని చెప్పాడు. ఈ నేల మీద పక్కపక్కన బతికినవాళ్ల భాష ఇట్లాగే ఉంటుంది. ఉత్తరాది కొలబద్ద పెట్టి కొలిచి దీన్ని తప్పుల జాబితా చేస్తున్నారు. రాతలో ప్రామాణిక ఉర్దూ నేర్పొద్దని మేం అనడం లేదు. అమ్మ భాష మీద నిలబెట్టి నేర్పాలంటున్నాం.

ఇంకో సంగతి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఇక్కడ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిననాడు కృష్ణకు ఈ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, ఆ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. ఈ ఒడ్డున నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియాలో చదువూ ఉర్దూలోనే. ఆ ఒడ్డున ఆ చరిత్ర లేదు. పైగా తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల వాళ్లున్నారు. ఒక బిడ్డ పుట్టుకతో విన్న భాషకు లిపి నేర్చుకుంటోంది. ఇంకో బిడ్డ అలీఫ్ నుంచి మొదలుపెడుతోంది. ఇద్దరికీ ఒకటే ప్రశ్నపత్రం! గజల్ భావం, కవి జీవితం నోట్సులోంచి బట్టీ పడితే గట్టెక్కొచ్చు. విని అర్థం చేసుకోగలదా, ఉత్తరం చదవగలదా అని అడిగేవాడు లేడు.

ఐరోపా మండలి 2001లో భాషలకు ఆరు మెట్ల కొలమానం ఇచ్చింది. ఆ భాషతో మనిషి ఏ పని చేయగలడో అది అడుగుతుంది. హైదరాబాద్‌లో ఆబిద్ అలీ ఖాన్ ట్రస్టు పరీక్షలకూ ఉర్దూ దానీ, జబాన్ దానీ, ఇన్షా అని మెట్లున్నాయి. బడి పరీక్షకు ఎందుకుండవు? వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం విడివిడిగా కొలవండి. మాటలో దక్కనీకి మార్కులు కోయకండి. తెలుగులోంచి ఉర్దూలోకి, ఉర్దూలోంచి తెలుగులోకి అనువాదం అడగండి. రెండు భాషల మధ్య బతకడమే మా పిల్లల బలం. ఆ బలానికి ఇవాళ మార్కుల్లేవు.

తప్పు సర్కారుదే అని తప్పించుకోలేం. "ఉర్దూ రాదు, నువ్వేం ముసల్మాన్‌వి?" అని దూదేకుల పిల్లవాణ్ని ఎగతాళి చేసింది మేమే. ఖురాన్ భాష అరబ్బీ, ఉర్దూ కాదు. కేరళ ముసల్మాను మలయాళంలో బతుకుతున్నాడు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో ఉర్దూను రుద్దొద్దని, బెంగాలీ కావాలని ప్రాణాలిచ్చినవాళ్లలో ముసల్మానులే ఉన్నారు. ఉర్దూ మాకు ప్రేమ కావాలి, పరీక్ష పెట్టి మనిషిని వెలేసే దర్వాజా కాకూడదు.

2017లో ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష అయింది. బోర్డుల మీద అక్షరాలు వచ్చాయి. ఆ అక్షరాలు చదవగలిగే బిడ్డలు కావాలి. బోర్డు చదివిన బిడ్డ ఇంటికొచ్చి అమ్మీ భాషలోనే, సిగ్గు పడకుండా, దాని అర్థం చెప్పగలగాలి. మేం అడిగే పరీక్ష అది.