కొసరు లెక్క

“నిలబడితే ఆగుతది మేస్త్రీ, ఉరికితే మంచిగనే ఉరుకుతది.”

మిర్యాలగూడ నుంచి కారు తెచ్చిన గుమాస్తా, బానెట్ ఎత్తకముందే అన్న మాట ఇది. సూర్యాపేటలో షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. రోగం ఇంత పొందిగ్గా చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎక్కువమంది వచ్చీరాగానే “సెన్సర్ పోయిందంట, మార్చు” అంటారు. ఎవరన్నారు, ఎందుకన్నారు అని అడిగితే చిరాకు.

కారు ఓ బియ్యం మిల్లు సేటుది. పదేళ్లు పైబడిన పెట్రోలు బండి. దురాజ్‌పల్లి దగ్గర లింగమంతుల జాతర జనంలో ఇరుక్కుని అరగంటలో నాలుగుసార్లు ఆగిందట. అప్పటినుంచి రెండు షెడ్లు తిరిగింది. ఒకచోట ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సర్ మార్చారు. ఇంకోచోట పెట్రోలు పంపు మార్చారు. గుమాస్తా కదా, బిల్లులన్నీ వరసగా పిన్ను కొట్టి తెచ్చాడు. ఖర్చు పెరిగింది, చెక్ ఇంజన్ లైటు మాత్రం ఆరలేదు.

స్కానర్ పెడితే పీ 0171 అని వచ్చింది. లీన్ నడుస్తోందని దాని అర్థం. మా భాషలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అసలు పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. గాలి అంతకన్నా మించితే లీన్, పెట్రోలు మించితే రిచ్. రిచ్ నడిచే బండి నల్లపొగ వదిలి, వాసన కొట్టి తన సంగతి తానే చెప్పుకుంటుంది. లీన్ బండికి పొగ ఉండదు. పికప్ కొంచెం తగ్గుతుంది, ఎక్కడో జర్క్ ఇస్తుంది. లోడు మీద అదే పనిగా నడిపిస్తే లోపల కటకటా కొట్టి, వాల్వో పిస్టనో కాలేదాకా ఇంటివాళ్లకు తెలియకపోవచ్చు.

నేను పని నేర్చుకున్నది కోదాడలో, కార్బరేటర్ల కాలంలో. మా ఉస్తాద్‌కి స్కానర్ అక్కర్లేదు. బండిని ఓ చుట్టు తిప్పించి, ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకునేవాడు. కాలిన ఇటుక రంగుంటే తిరిగి బిగించమనేవాడు. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే చోక్ కొంచెం లాగి చూడమనేవాడు. చోక్ లాగితే గాలి తగ్గుతుంది కదా, అప్పుడు ఇంజన్ తేరుకుంటే లీన్ అన్నట్టే. తర్వాత మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పి, తల పక్కకి వాల్చి వినేవాడు. ఆ పావు చుట్టు నాకు పట్టుబడటానికి రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ స్క్రూ తిప్పే పని కంప్యూటర్‌ది. సైలెన్సర్ గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ దానికి ముక్కు. 1976లో వోల్వో కార్లకు మొదటిసారి పెట్టారు దీన్ని. ఈ ముక్కుకి పెట్రోలు వాసన తెలియదు. కాలాక ఎంత ఆక్సిజన్ మిగిలిందో అంతే తెలుసు. మిగులు కనిపిస్తే కంప్యూటర్ పెట్రోలు కాస్త పెంచుతుంది, కనిపించకపోతే తగ్గిస్తుంది. స్కానర్‌లో దీన్ని ఫ్యూయెల్ ట్రిమ్ అంటారు. నేను మా కుర్రాళ్లకు కొసరు అని చెప్తాను. కూరగాయలామె తూకం అయ్యాక పైన నాలుగు మిరపకాయలు వేస్తుంది చూడండి, అదే. గుమాస్తాకి ఇంకా తేలిగ్గా ఎక్కింది. వడ్లలో తేమ 17 శాతం దాటితే తరుగు తీసే లెక్క వాళ్లకు నిత్యం ఉన్నదే.

“ఎంత కొసరు పోస్తుంది?” అన్నాడు.

“నిలబడినప్పుడు ముప్పై శాతం దాకా.”

“ముప్పయ్యా? మిల్లు మునుగుతది!”

కంప్యూటరూ అదే అంటోంది. కొసరుకి ఒక హద్దుంటుంది. అది దాటాక ఇక నావల్ల కాదని లైటు వెలిగిస్తుంది. అంటే పీ 0171 ఏ వస్తువు పేరూ కాదు. చాలా రోజులుగా పెట్రోలు పైన పోస్తున్నాను, కారణం చూడండి అనే మొర. దాన్ని ఆక్సిజన్ సెన్సర్ మీద నేరంగా చదివితే, అబద్ధం ఆడని సాక్షిని పట్టుకుని కొట్టినట్టు.

కాలు నొక్కి ఇంజన్‌ని రెండున్నర వేలకు తెచ్చాను. కొసరు ముప్పై నుంచి జారుకుంటూ వచ్చి తొమ్మిది దగ్గర నిలబడింది. వదిలితే మళ్లీ ముప్పై. గుమాస్తా మొదట చెప్పిన మాటే ఇది, అంకెల్లో కనపడింది.

ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు త్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, మానిఫోల్డ్ లోపల వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా అక్కణ్నుంచి గాలి లాగేస్తుంది. గాలిని తూచే సెన్సర్‌ని దాటాక దొంగదారిన వచ్చే గాలి ఇది, లెక్కలోకి రాదు. అప్పుడు లోపలికి వెళ్లే మొత్తం గాలే కొంచెం కనక ఈ దొంగగాలి వాటా పెద్దదవుతుంది. ఇంజన్ ఉరికినప్పుడు అసలు గాలి వెల్లువలా వస్తుంది, దొంగగాలి అందులో ఓ మూలకి సరిపోదు. అదే పెట్రోలు పంపు నీరసపడ్డా, ఫిల్టర్ పూడుకుపోయినా వరస తిరగబడుతుంది. నిలబడ్డప్పుడు బాగుండి, మునగాల దాటాక లారీని ఓవర్‌టేక్ చేయబోతే చేతులెత్తేస్తుంది. కాబట్టి పంపు మార్చినవాళ్లు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

అయితే అన్ని బళ్లకూ ఈ లెక్క ఇలాగే కుదరదు. గాలిని తూచకుండా మానిఫోల్డ్ ఒత్తిడి చూసి లెక్కకట్టే చిన్న కార్లలో కంప్యూటర్ దొంగగాలికి కూడా పెట్రోలు పోసేస్తుంది. వాటిలో ఐడిలింగ్ పైకి లేచి కూర్చుంటుంది. ఇంకోటి, ఎయిర్ ఫిల్టర్. లీన్ అనగానే దాన్ని మార్చడం ఓ ఆచారమైపోయింది. మూసుకుపోయిన ఫిల్టర్ గాలిని తగ్గిస్తుంది గాని పెంచదు కదా! అది సరిగ్గా కూర్చోక పక్కసందుల్లోంచి ఊకదుమ్ము పోయి, గాలిని తూచే సన్నని తీగ మీద పేరుకుంటే మాత్రం తూకం తప్పుతుంది. మిర్యాలగూడ బళ్లలో ఆ తీగను ముందు చూస్తాను. ఈ బండిలో శుభ్రంగానే ఉంది.

ఇక చిల్లు వెతకాలి. కొందరు అగరుబత్తి వెలిగించి పొగ ఎటు వంగుతుందో చూస్తారు. పెట్రోలు పైపుల పక్కన నిప్పు నాకు నచ్చదు. స్ప్రే సీసాలో సబ్బునీళ్లు పట్టుకున్నాను. కొత్తగా చేరిన కుర్రాడు బుడగల కోసం కళ్లప్పగించి చూస్తున్నాడు. పంక్చరు దగ్గర గాలి బయటికొస్తుంది, బుడగలు కనిపిస్తాయి. ఇక్కడ గాలి లోపలికి పోతోంది. బుడగ రాదు, నీళ్లు మాయమవుతాయి, ఇంజన్ గొంతు మారుతుంది. చూడటం కాదురా, విను అన్నాను.

మానిఫోల్డ్ ప్యాకింగ్ చుట్టూ కొట్టాను, ఏమీ లేదు. బ్రేక్ బూస్టర్ పైపు, ఏమీ లేదు. ట్యాపెట్ కవర్ నుంచి మానిఫోల్డ్‌కి వెళ్లే రబ్బరు పైపు దగ్గరకొచ్చేసరికి ఇంజన్ ఒక్కసారి గుటకేసి, అంతలోనే తేరుకుంది. పైనుంచి పైపు నిగనిగలాడుతోంది. కిందికి వేలు పోనిచ్చి తడుముకుంటూ వెళ్తే వంపు దగ్గర కొస చర్మం చటుక్కున లాగినట్టయింది. వేలు అక్కడే అదిమిపెట్టాను. ఊగిసలాడుతున్న ఐడిలింగ్ కుదురుకుంది. గుమాస్తా ఊపిరి బిగబట్టి నా మోచేతినే చూస్తున్నాడు.

విప్పి తిప్పితే కందిగింజంత చిల్లు, అంచున రెండేసి పళ్ల గాట్లు. ఎలుక! వడ్ల బస్తాల పక్కన నిలబెట్టే కారు మరి.

ఇదంతా నా తెలివి అనుకోకండి. ఆరేడేళ్ల కిందట కోదాడ నుంచి ఒక టీచరు గారు ఇదే కోడ్‌తో వస్తే, గేజ్ పెట్టి ప్రెషర్ చూడకుండానే పంపు మార్చేశాను. వారానికి లైటు మళ్లీ వెలిగింది. “పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్‌టిక్‌మని చప్పుడొస్తది, రెండు నిమిషాల్లో పోతది” అని మొదటి రోజే చెప్పారాయన. నేను వినిపించుకోలేదు. సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వెంట్రుకంత పగులు. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి పగులు చాలావరకు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. కానీ ఆ కాస్త సందులోంచే బయటి గాలి లోపలికి దూరి సెన్సర్‌కి తగులుతోంది. ఇంజన్ లీన్ కాదు, ముక్కుకి అలా అనిపిస్తోంది, అంతే. పంపు డబ్బులు వాపసు ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఆయన ఏమీ అనకపోవడం ఇంకా బాధ.

కొత్త పైపు వేసి, పాత లెక్క చెరిపి, గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకుని హైవే మీద తిరిగొచ్చాను. కొసరు ఏడు దగ్గర నిలబడింది.

“ఇంకా ఏడెందుకు? సున్నా రావాలె గదా?”

లెక్కల మనిషి వదలడు. అది చిల్లు వల్ల కాదు, పెట్రోలు వల్ల అన్నాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. గాలిని కొంత తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. పాత లెక్కతో చేసిన బండి ఆ తేడా పూడ్చడానికి ఎప్పుడూ కొంత కొసరు పోస్తూనే ఉండాలి. ఒకప్పుడు హద్దుకి దూరంగా ఉండిపోయే చిన్న చిల్లు, ఇప్పుడు త్వరగా లైటు దాకా వస్తోంది. ఇక 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 రాకముందు అమ్మిన కార్బరేటర్ బైకులకు కొసరు పోసేవాళ్లే లేరు. వాటి జెట్టు ఎంత వదిలితే అంతే.

“ఇథనాల్ దేంతో చేస్తరు?”

“చెరుకుతో, మక్కలతో. 2018 పాలసీ వచ్చినంక నూకలతో గూడ.”

గుమాస్తా నా ముఖం చూసి, కారు ముఖం చూసి, “అంటే మా నూకలే తిరిగొచ్చి మా సేటు బండిని సతాయిస్తున్నయా?” అన్నాడు. మీ నూకలేనని నేను రాసివ్వలేను అన్నాను.

పైపు ఖరీదు, కూలి కలిపి అంతకుముందు పెట్టిన ఖర్చులో పదో వంతు కాలేదు. అయినా బేరమాడాడు. మిల్లువాళ్లు కొసరు వదలరు కదా. వెళ్లేముందు మా కుర్రాడు పొగాకు కాడలు తెచ్చి, వేడి తగలని చోట బ్యాటరీ పక్కన గుడ్డలో చుట్టి కట్టాడు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. లైటు వెలగలేదు, సేటు హైదరాబాద్ కూడా పోయొచ్చాడు. ఎలుక మాత్రం పక్కనున్న ట్రాక్టర్ వైరింగ్ మీద పడిందట, నాకు వస్తుందా ఆ పని అని అడిగాడు.