కంటి రంగు పాఠం: ఒక పరిశీలన

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురయ్యారు. ఆ మరునాడు అమెరికాలోని అయోవా రాష్ట్రం, రైస్‌విల్‌లో జేన్ ఎలియట్ అనే ఉపాధ్యాయిని తన మూడవ తరగతి పిల్లలను కంటి రంగును బట్టి రెండు వర్గాలు చేశారు. అందరూ తెల్లజాతి పిల్లలే. ఒక వర్గాన్ని తక్కువవారని ప్రకటించి పట్టీలు కట్టించారు; తరువాత పాత్రలను తారుమారు చేశారు.

వివక్షను గుర్తించుటకు ఈ అభ్యాసం ఉపకరించవచ్చు. మరి ఎదిరించుట మాటేమిటి? ఇక్కడ తక్కువతనం వంతులవారీగా మారింది. నల్లజాతి బాలునికి గాని, మన పల్లెలోని దళిత బాలికకు గాని అట్టి వంతు రాదు. పసివారిని బాధించారన్న విమర్శ తరచు వినిపించేదే. అంతకన్న పెద్ద లోపం మరొకటున్నది. పట్టీ కట్టించినదీ, విప్పించినదీ ఉపాధ్యాయినియే. పిల్లలు విధేయతతోనే అన్యాయం చేశారు, విధేయతతోనే మానుకున్నారు. మన యువజన తరగతులలో దీనిని అనుసరించదలచినవారు, "తోటివానికి నేను పట్టీ కట్టను" అనే పిల్లవానికి ఏమి జవాబు చెప్పాలో ముందుగానే నిర్ణయించుకొనుట అవసరం.