చెడినది ఫైలా, పట్టికా? - స్పిరిట్ రోవర్ స్మృతిదోషం: పాఠవిమర్శ దృష్టి

1. ఉపోద్ఘాతం:

తాళపత్ర ప్రతిలో ఒక పద్యం చెడి కనిపిస్తే, పాఠపరిష్కర్త ముందుగా దోషం ఎక్కడ ప్రవేశించిందో విచారిస్తాడు. అది మాతృకలోనే ఉన్నదా, లేఖకుని చేతిలో పుట్టినదా, పురుగు తొలిచినందువల్ల ఏర్పడినదా అన్నది తేలకుండా దిద్దుబాటుకు పూనుకోవడం శాస్త్రీయం కాదు. యంత్రాలలో ఇమిడి ఉండే ఎంబెడెడ్ కంప్యూటర్ల ఫైళ్లు చెడినప్పుడు కూడా ఈ విచారణక్రమమే శరణ్యం. 2004లో అంగారక గ్రహంపై నాసా వారి స్పిరిట్ రోవర్‌కు ఎదురైన సంకటం ఇందుకు నిదర్శనం. ఆ ఘటనను ‘మెమరీ నిండిపోయింది’ అన్న ఒక్క మాటతో ముగించే వివరణ ఎందుకు అసంపూర్ణమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. ఘటన స్వరూపం:

స్పిరిట్ 2004 జనవరి 4న గుసెవ్ బిలంలో దిగింది. జనవరి 21న దానితో సంబంధాలు దెబ్బతిన్నాయి. ఈ రోవర్‌లో 128 మెగాబైట్ల ర్యామ్, 256 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ ఉన్నాయి. విద్యుత్తు ఆగితే ర్యామ్‌లోనిది నశిస్తుంది, ఫ్లాష్‌లోనిది నిలుస్తుంది. అయితే ఫ్లాష్‌లోని ఫైళ్ల పట్టికను వాడుకకు తెచ్చుకోవాలంటే ర్యామ్‌లో చోటు కావాలి. ఆ చోటు చాలక సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. కంప్యూటర్ తనంతట తాను పునఃప్రారంభమై, మళ్లీ ఆ పట్టికనే తెరవబోయి, మళ్లీ ఆగింది. ఈ చక్రంలో పడి రోవర్ రాత్రివేళ కూడా నిద్రావస్థకు పోలేక బ్యాటరీని ఖర్చు చేసుకొన్నది.

3. దోషమూలం:

ఇందులో వాడినది డాస్ తరహా ఫైల్ వ్యవస్థ. అందులో ఒక ఫైలును తొలగిస్తే పట్టికలోని ఆ పంక్తికి ‘తొలగించినది’ అన్న గుర్తు పడుతుందే గాని, పట్టిక పరిమాణం తగ్గదు. ఘంటంతో గీసిన అక్షరాన్ని లేఖకుడు కొట్టివేసినా ఆకుపై దాని చోటు మిగిలే ఉన్నట్లు, ఆ పంక్తులు మిగిలిపోతాయి. భూమి నుండి సాగిన ప్రయాణకాలం మొదలుకొని పోగైన ఫైళ్లతో పట్టిక పెరిగింది. కనుక హద్దు మీరినది ఫ్లాష్ నిల్వ కాదు, ఆ నిల్వ పట్టికకు ర్యామ్‌లో కేటాయించిన భాగం. గ్రంథాలయంలో చోటున్నా జాబితాపుస్తకం బల్లపై పట్టని స్థితి ఇది.

4. పరిష్కరణ క్రమం:

ఇంజినీర్లు ఫ్లాష్‌ను పక్కనపెట్టి, ర్యామ్‌లోనే తాత్కాలిక ఫైల్ వ్యవస్థను ఏర్పరచుకొని ప్రారంభం కావలసిందిగా రోవర్‌ను ఆదేశించారు. అది నిలకడగా పనిచేసింది. దీనితో విచారణ ఫ్లాష్ ఫైల్ వ్యవస్థ వైపు మళ్లింది. ర్యామ్ డిస్క్ ఇక్కడ ప్రత్యామ్నాయ నిల్వగానే కాక, దోషస్థానాన్ని నిర్ణయించే సాధనంగా కూడా ఉపకరించింది. ఫ్లాష్‌లోని ఆధారాలను పరిశీలించి, అనవసరమైన ఫైళ్లను తొలగించిన తరువాతనే దానిని ఫార్మాట్ చేశారు.

అయితే ర్యామ్ డిస్క్ నిర్దోషి అని భావించరాదు. అది సాధారణ స్మృతిలో ఒక భాగం మాత్రమే. మరొక ప్రోగ్రాము తన హద్దు దాటి అందులో రాస్తే ఫైల్ వ్యవస్థకు ఆ సంగతి తెలియదు. అందువల్ల ఒకే పరీక్షను ర్యామ్ డిస్క్‌పైనా, ఫ్లాష్‌పైనా నడిపి పోల్చాలి. రాసిన వెంటనే ఒకసారి, కొంత వ్యవధి తరువాత మరొకసారి చెక్‌సమ్ సరిచూడాలి. మొదట సరిపోయి, ఎవరూ ఆ ఫైలులో రాయకుండానే తరువాత తేడా వస్తే, దోషం రాతలో కాక భద్రతలో ఉన్నదని అనుమానించవచ్చు.

5. ముగింపు:

ఫార్మాట్ మొదటే జరిగి ఉంటే స్పిరిట్ బహుశా కోలుకొనేది, కాని కారణం మరుగున పడేది. జనవరి 25న అంగారకునిపై దిగిన ఆపర్చునిటీ రోవర్‌దీ అదే సాఫ్ట్‌వేర్. కారణం తెలియకపోతే ఆ ముప్పు దానికీ పొంచి ఉండేది. ఒక ప్రతిలోని తప్పును మౌనంగా దిద్దితే ఆ ప్రతి ఒక్కటే బాగుపడుతుంది. తప్పు పుట్టిన తీరును నమోదు చేస్తే, అదే మాతృక నుండి వచ్చిన ప్రతులన్నింటినీ సరిచూసుకొనే వీలు కలుగుతుంది. పాఠాంతరాలను నమోదు చేయకుండా పరిష్కరణకు దిగే సంపాదకునికి స్పిరిట్ ఉదంతం చెప్పే హెచ్చరిక ఇదే.