వీరాస్వామయ్య మజిలీలు

కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని పెద్దలు ఊరికే అనలేదు. రైలు లేని రోజుల్లో దక్షిణాది నుంచి కాశికి బయలుదేరడమంటే అప్పులు తీర్చి, అప్పగింతలు పెట్టి గడప దాటడమే. అలాంటి కాలంలో, 1830 మే 18 మంగళవారం రాత్రి, నడివేసవిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం విడిచారు. తల్లి, భార్య, బంధువులు, పనివాళ్లు, పల్లకీ బోయీలు అంతా కలిసి దాదాపు నూరుమంది ఆయన వెంట నడిచారు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆ పదిహేను నెలల పైచిలుకు ప్రయాణమే 'కాశీయాత్ర చరిత్ర'.

ఆయన ఉద్యోగం చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ పని. దారిలో చూసినవన్నీ రాసి పంపమని అడిగింది స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె. వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో ఆ పుస్తకాన్ని అచ్చుకెక్కించిందీ ఆ స్నేహితుడే. తెలుగులో తొలి యాత్రాచరిత్ర అని దీనికి పేరు. చరిత్రకారులు దీన్ని గనిలా తవ్వుకున్నారు. పుస్తకంలోని సమాచారాన్ని అందరూ మెచ్చుకున్నారు కానీ, దాన్ని పేర్చిన పనితనం గురించి మాట్లాడినవాళ్లు తక్కువే. నాకు ముచ్చటేసేది ఆ పనితనమే. రేపు ఇదే దారిన మరొకడు వస్తాడు, వాడు ఇబ్బంది పడకూడదు అన్న తలంపుతో సాగిన రాత ఇది.

ఒక్క మజిలీ తీసుకుని చూడండి. ఎన్ని గంటలకు బయలుదేరారో, ఎన్ని గంటలకు చేరారో ముందు చెబుతారు. తరువాత దూరం. ఆ వెనుక నేల సంగతి: ఇసుకా, రేగడా, రాతిగొట్టా. నడుమ వాగు ఉంటే దాటడం ఎట్లా? ఊరు చేరాక నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి సత్రమో చావడో తోపో ఉందా? ఇవన్నీ తేలాకే గుడి, గోపురం, స్థలపురాణం. దేవుడికోసం బయలుదేరిన మనిషి దేవుడికంటే ముందు నీళ్లను లెక్కవేయడం భక్తి తక్కువై కాదు. నూరుమంది గొంతులు తడపాల్సిన పెద్దమనిషి ఆయన. పొద్దు గుంకేలోగా వాళ్లందరికీ బియ్యం, కట్టెలు, నీళ్లు సమకూరాలి. పుస్తకానికి ఆ క్రమం ఈ బాధ్యత వల్లే వచ్చింది.

మా పెద్దతిప్పసముద్రం మెట్టవాళ్లకు ఈ వరస ఇట్టే అర్థమవుతుంది. వాన ముఖం చాటేసే సీమ మాది. కొత్తగా ఎవరైనా ఒక ఊరి పేరు చెబితే, అక్కడ నీళ్లెట్లా అని అడిగేదాకా మాకు మాట సాగదు. మదనపల్లె, పుంగనూరు ఎగువనేలకు వీరాస్వామయ్య ఎక్కలేదు. తిరుపతి నుంచి కొండల నడుమ పల్లపు బాట పట్టి కడప వైపు సాగిపోయారు. ఆయన ఆ బాటన సాగిన మూడు నాలుగు దశాబ్దాలకు రైలుపట్టా వేసిన దొరలూ ఆ లోయనే పట్టుకున్నారు. రేణిగుంట, కోడూరు, నందలూరు, కడప మీదుగా బొంబాయి రైలు నేటికీ ఆ దారినే పోతుంది.

పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం కడప దాటాక వస్తుంది. అహోబిలం, మహానంది, ఆత్మకూరు, అక్కడి నుంచి నల్లమల ఎక్కి శ్రీశైలం. మే, జూన్ నెలల ఎండ. నిన్నటిదాకా చెట్టు నీడ కరువైన బయలు. ఇప్పుడేమో దారి తప్పితే మనిషి జాడ దొరకని అడవి. పల్లకీ సాగని కొండదారికి డోలీ కావాలి, డోలీ మోసే మనుషులు కావాలి, అన్నిటికీ మించి చెంచుల అండ కావాలి. ఆ రోజుల్లో నల్లమలలో యాత్రికుల దారికి కాపు చెంచులే. వాళ్లకు ఇవ్వాల్సింది ఇస్తేనే నడక సాగుతుంది. ఆ ఏర్పాట్లను వీరాస్వామయ్య ఒక లావాదేవీ చెప్పినంత తాపీగా చెబుతారు. భయపెట్టరు, బడాయి పోరు. అప్పట్లో శ్రీశైలం కందనూరు నవాబు ఏలుబడిలో ఉండేది, యాత్రికుల మీద సుంకం ఉండేది. ఆ సుంకం సంగతి చెబుతూనే గుడి ఆలనాపాలనా ఎంత పలచగా ఉందో ఆ పక్కనే చూపిస్తారు. తిట్టాల్సిన పని ఆయనకు పడలేదు. రెండు సంగతులనూ దగ్గర దగ్గరగా నిలబెట్టారు, అంతే.

ఇది కోర్టు నేర్పిన విద్య అని నా అభిప్రాయం. ఒకరి మాటను మరొకరికి, తన సొంతం కలపకుండా అందించడమే దుబాసీ పని. ఏళ్ల తరబడి ఆ పని చేసిన నోరు గనుక, విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు వేరు చేసి పెట్టగలిగారు.

కృష్ణ దాటి హైదరాబాదు, అక్కడి నుంచి నిర్మల, ఆపైన నాగపురం. కాలం కూడా ఎండ నుంచి వానకు మళ్లింది. రేగడ నేల తడిస్తే కాలు తీసి కాలు వేయడం ఎంత కష్టమో సేద్యం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. భుజాన పల్లకీ ఉన్న బోయీల అవస్థ ఊహించుకోండి. ఇప్పుడు హైదరాబాదు నుంచి నాగపూరుకు 44వ నంబరు జాతీయ రహదారి కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా ఇంచుమించు ఆ దారినే పోతోంది. మా ఊరి నుంచి పడమరగా బాగేపల్లి వైపు పోతే తగిలేదీ ఈ రోడ్డే.

దారి మారుతున్నకొద్దీ కొలతలు మారాయి. ఇక్కడి ఆమడలు పోయి అక్కడి కోసులు వచ్చాయి. రూపాయి రూపాయికీ తేడా వచ్చింది. మాట మారింది, తిండి మారింది. ఆ మార్పులను అవి ఎదురైనచోటే చెప్పడం వల్ల చదివేవాడు కూడా సరిహద్దు దాటినట్టే ఉంటుంది. కాశీ, గయ చూసుకుని కలకత్తా, పురీ జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, నెల్లూరు మీదుగా కోస్తా దారిన తిరిగి వచ్చారు. పోయేటప్పుడు మెట్ట, అడవి, రేగడ. వచ్చేటప్పుడు ఏటి మూతులు, కొబ్బరి, వరి. ఒకే పుస్తకంలో రెండు వేరు దేశాలు చూసినట్టుంటుంది. నాకు మాత్రం పోయే దారే ఎక్కువ ఇష్టం. సీమ పక్షపాతం అనుకున్నా సరే.

మరాఠీలో గోడ్సే భట్జీ 'మాఝా ప్రవాస్' ఉంది. 1857 గొడవల్లో చిక్కుకున్న ఒక బ్రాహ్మణుడు ఏళ్లు గడిచాక గుర్తు తెచ్చుకుని రాసిన కథ; అచ్చయింది 1907లో. చదవడం మొదలుపెడితే వదలబుద్ధి కాదు. వీరాస్వామయ్య రాత దానికి పూర్తిగా వేరు. దారిలో ఉండగానే రాశారు గనుక ఇందులో కథను పండించే ఆలోచన లేదు, తరువాత దిద్దుకున్న జ్ఞాపకం లేదు. భాష కూడా అంతే. చిన్నయసూరి బాలవ్యాకరణానికి రెండు దశాబ్దాల ముందే అచ్చయిన వచనం ఇది. కచేరీ మాట, బజారు మాట, హిందుస్తానీ మాట మొగమాటం లేకుండా కలిసిపోయాయి. మొదటి పది పేజీలు కాస్త బిగువుగా అనిపించినా తరువాత చెవి అలవాటు పడుతుంది.

లోట్లు లేవని అనను. నడుమ నడుమ వేదాంత చర్చలు పొడుగ్గా సాగుతాయి, అక్కడ నేను పేజీలు తిప్పేస్తాను. కులాల మీద ఆయన మాటలు ఆ కాలపు, ఆ వర్గపు మాటలే. కుంఫిణీ పాలన మీద ఆయనకున్న నమ్మకం ఈనాడు మనకు మింగుడు పడదు. పల్లకీ మోసిన బోయీలు తమ కథ తాము చెప్పుకునే చోటు ఇందులో లేదు. వాళ్ల భుజాల మీదే ఈ పుస్తకం కాశీ దాకా పోయి వచ్చిందన్నది మాత్రం ప్రతి మజిలీలోనూ కనబడుతూనే ఉంటుంది.

చదవాలనుకునేవారు దిగవల్లి వేంకటశివరావుగారు సంపాదకత్వం వహించిన 1941 నాటి కూర్పు సంపాదించండి. మొదటి పేజీ నుంచే పట్టుకోవాలన్న పట్టింపు వద్దు. కడప నుంచి శ్రీశైలం దాకా ఉన్న భాగం ముందు చదవండి, పక్కన ఒక జిల్లా పటం పెట్టుకోండి. మీ ఊరు ఆ దారిలో ఉంటే, ఆయన చెప్పిన చెరువు ఇప్పుడెట్లా ఉందో ఒకసారి వెళ్లి చూసి రండి.