కన్నీరా, కార్యమా?

నటుడు నిజంగా దుఃఖిస్తేనే నటన నమ్మదగినదవుతుందని చాలామంది భావిస్తారు. అందుకు స్తానిస్లావ్‌స్కీని సాక్ష్యం చూపుతారు. సొంత జ్ఞాపకాల నుంచి ఉద్వేగాన్ని రప్పించే సాధన ఆయన తొలి ప్రయోగాలలో ఉన్నమాట నిజమే. అమెరికాలో లీ స్ట్రాస్‌బర్గ్ దానినే శిక్షణకు కేంద్రం చేశాడు. అయితే 1934లో పారిస్‌లో ఆయనతో కలిసి పనిచేసి వచ్చిన స్టెల్లా ఆడ్లర్ వేరే మాట చెప్పింది: ఆయన దృష్టి పాత్ర ఉన్న పరిస్థితి మీదికి, అందులో పాత్ర చేసే పని మీదికి మళ్ళింది.

తెలుగు పద్యనాటకాన్ని అంచనా వేయడానికి ఈ తేడా పనికివస్తుంది. పద్యం వల్లనే నటన కృత్రిమమైందనడం తొందరపాటు. కాటిసీనులో హరిశ్చంద్రుడి పని సుంకం అడగడం; ఎదుట ఉన్నది భార్య, ఆమె ఒడిలో కొడుకు శవం. అడగడం ఆగనంతవరకు పద్యమూ నమ్మిస్తుంది. 'వన్స్‌మోర్' కేకకు అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నప్పుడు మాత్రం నటుడి ఎదుట చంద్రమతి ఉండదు, ప్రేక్షకులే ఉంటారు.

రాగాలాపనను అదుపులో పెట్టి సంభాషణకు ప్రాధాన్యమిచ్చిన బళ్ళారి రాఘవ (1880-1946) కృషిని ఈ వెలుగులోనే చూడాలి. అది సంగీతంపై ద్వేషం కాదు. ఎదుటి పాత్రను తిరిగి రంగం మీదికి తేవడం. శిక్షణ కన్నీటితో కాక ఒక ప్రశ్నతో మొదలుకావాలి: ఈ మాట ఎవరితో, దేనికోసం?